శ్రీశైలపు పాత నడకదారి

నేడు శ్రీశైలయాత్ర ఒక పూట పని. దోర్నాలలో బస్సెక్కి కూర్చున్నచో అది నల్లమల ఘాట్ రోడ్డు మలుపులన్నియు దాటించి మనలను ఆలయమునకు దగ్గరగానే దింపును. వృద్ధులు, పసిపిల్లల తల్లులు, నడువలేని రోగులు సైతము మల్లికార్జునుని దర్శింపగలుగుచున్నారన్న అది రోడ్డు చేసిన మేలు. దానిని తక్కువచేసి చెప్పవలసిన పని లేదు. అయినను ఆ రోడ్డు పుట్టకముందు అనేక శతాబ్దములు మన పూర్వులు ఈ కొండకు కాలినడకనే పోయినారు. వారు నడచిన దారులలో ఒకటి ఇప్పటికిని అడవిలో నిలిచియున్నది. కర్నూలు వైపున ఆత్మకూరు నుండి వెంకటాపురము, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారము చేరి, అక్కడినుండి క్షేత్రమున ప్రవేశించు దారి అది. చరిత్ర అనగానే మనకు కోటలును, యుద్ధములును, రాజవంశముల పట్టికలును తోచును. ఒక కాలిబాటకును చరిత్ర ఉన్నది. అది ఎక్కువగా పేరు తెలియని మనుష్యుల చరిత్ర.

శ్రీశైలము పేరు మన గడ్డమీద మిక్కిలి ప్రాచీనమైనది. క్రీ. శ. 2వ శతాబ్దమునాటి నాసిక్ శాసనములో శాతవాహనుల ఏలుబడిలోని పర్వతముల వరుసలో కనిపించు ‘సిరిటన’ ఈ శ్రీశైలమేయని చరిత్రకారులు గుర్తించినారు. తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము ఈ క్షేత్రమునకు నాలుగు ద్వారములని పెద్దలు చెప్పుదురు. ఒక్కొక్క ద్వారమునకును గర్భాలయమునకును నడుమ రోజుల తరబడి నడక ఉన్నది. అనగా వారి దృష్టిలో గుడి ప్రాకారపు గోడతో ముగియలేదు. నల్లమల అంతయు గుడి ఆవరణమే. అడవిలో అడుగు పెట్టిననాడే యాత్రికుడు గుడిలో అడుగు పెట్టినట్లు.

పటములును, కొలత గొలుసులును లేని కాలములో దారి ఇటే సాగవలెనని ఎవరు నిర్ణయించినారు? మజిలీల పేర్లు చూడుడు. నాగలూటిలో వీరభద్రుని గుడియు, కోనేరును ఉన్నవి. తరువాత దామెర్లకుంట. అటుపైన పెద్దచెరువు. దాని తరువాత మఠంబావి. అటనుండి భీముని కొలను. కోనేరు, కుంట, చెరువు, బావి, కొలను: దారి పొడుగునను నీటి పేర్లే. శ్రీశైలమునకు జనము విశేషముగా పోవునది మాఘమాసపు చివర శివరాత్రికి, చైత్రారంభమున ఉగాదికి. అప్పటికి నల్లమలలో మోదుగ పూచును; చెట్ల ఆకు రాలిపోవును; చిన్న వాగులు ఇంకిపోవును. వానకాలమున పోవుదమన్న వాగుల పొంగు ఒక వైపు, మన్యపు జ్వరము ఇంకొక వైపు. కావున పొడి దినములలోనే నడువవలెను. నడచినచో నీరున్న తావు నుండి నీరున్న తావునకే నడువవలెను. ఈ దారిని మొదట గీచినది రాజాజ్ఞ కాదు, దాహము. ఆ నీటి జాడలు ముందుగా ఎరిగినవారు అడవిలోనే పుట్టి పెరిగిన చెంచులు. వారిని గూర్చి పిదప చెప్పుకొందము.

12వ శతాబ్దములో కన్నడ దేశపు అక్కమహాదేవి కల్యాణము విడిచి తన చెన్నమల్లికార్జునుని వెదకుకొనుచు శ్రీశైలమునకు వచ్చినది. ఆమె తపస్సు చేసిన గుహయని కృష్ణ ఒడ్డున ఒక గుహను నేటికిని చూపుదురు. పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో ఈ పర్వతమునకు ఒక ప్రకరణమునే కేటాయించినాడు. ఈ రెండు సంగతులను బట్టి మెట్లు పడకముందే ఈ కొండ తెలుగువారికిని, కన్నడిగులకును ఉమ్మడి సొత్తు అయినదని గ్రహింపవచ్చును.

1323లో కాకతీయ సామ్రాజ్యము కూలినది. ఓరుగల్లు పడిన పిదప ఏర్పడిన చిన్న రాజ్యములలో రెడ్డిరాజ్యము ముఖ్యమైనది. దానికి మూలపురుషుడు ప్రోలయ వేమారెడ్డి, రాజధాని అద్దంకి, ఆస్థానకవి ఎఱ్ఱాప్రెగడ. దేశము అల్లకల్లోలమైన ఆ దినములలో ఈ రాజు చేయించిన పనులలో శాసనములు ప్రత్యేకించి పేర్కొనునది శ్రీశైలమునకును, అహోబిలమునకును సోపానములు కట్టించుట. ఒకటి శైవక్షేత్రము, ఒకటి వైష్ణవక్షేత్రము, రెండును నల్లమలలోనివే. నాగలూటి దారి మెట్లను నేటికిని ఆయన పేరనే చెప్పుకొందురు.

ఇందులో ఒక విశేషము గమనింపవలెను. గోపురము కట్టినచో అది దూరమునకు కనిపించును. కట్టినవాని కీర్తి చాటును. అడవి నడుమ పరచిన మెట్టును చూచువారు లేరు. దానిమీద కాలు మోపువారే ఉన్నారు. భీముని కొలను వద్ద దారి ఒక లోతైన లోయలోనికి దిగి, ఎదుటి కొండకు మరల ఎక్కును. దిగుటకును మెట్లే, ఎక్కుటకును మెట్లే. మూట నెత్తిన పెట్టుకొని, బిడ్డను చంకనెత్తుకొని వచ్చిన తల్లికి ఆ తావున రాతిమెట్టు ఒక్కొక్కటి ఎంత ఉపకారమో ఊహింపవచ్చును. అరిగిన మెట్టు వేలకొలది పాదముల లెక్క. కట్టించిన రాజు పేరు శాసనములో ఉన్నది. నడచినవారి పేర్లకు ఆ అరుగుదలయే శాసనము.

పిమ్మట వచ్చిన ప్రభువులును ఈ క్షేత్రమును మరువలేదు. విజయనగరపు రెండవ హరిహరరాయలు ముఖమండపము కట్టించినాడు. ఆయన రాణి విఠలాంబ పాతాళగంగకు మెట్లు కట్టించినది. కృష్ణదేవరాయలు కొండవీటి విజయము తరువాత 1515లో వచ్చి స్వామిని సేవించినాడు. 1677లో ఛత్రపతి శివాజీ వచ్చినాడు. వీరి రాకపోకలు గ్రంథములలో విరివిగా ఉన్నవి గనుక ఇచ్చట విస్తరింపను.

సామాన్య గృహస్థు కన్నులతో ఈ యాత్రను చూడవలెనన్న ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రా చరిత్ర తెరువవలెను. ఆయన మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. 1830 మే 18న పరివారముతో బయలుదేరి, కాశి మొదలగు క్షేత్రములు సేవించి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరినాడు. ఆ ప్రయాణములో ఆత్మకూరు మీదుగా శ్రీశైలమునకు పోయినాడు. ఏ ఊరు ఎంత దూరము, ఎక్కడ నీరు మంచిది, ఎక్కడ సరకులు దొరకును, ఎక్కడ దిగవచ్చును అని ఆయన ఓపికగా వ్రాసిపెట్టినాడు. అప్పుడు ఆ ప్రాంతము కందనూరు నవాబు ఏలుబడిలో ఉండెను. యాత్రికులపై పన్ను ఉండెను. పన్ను వసూలైనంతగా క్షేత్రమునకు బాగు జరుగలేదన్న బాధ ఆయనది. 1839లో ఆ నవాబు పాలన ముగిసినది. ఆయన గ్రంథము దానికి ముందే, 1838లో అచ్చుపడినది.

ఇక చెంచుల సంగతి. తేనె తీయుట, దుంపలు త్రవ్వుట, వేటాడుట వీరి పూర్వపు జీవనము. పరమశివుడు వేటగాడై వచ్చి తమ పిల్లను పెండ్లాడినాడని వారి కథ. అందుచే స్వామి వారికి చెంచు మల్లయ్య. దైవమే గాక అల్లుడు. యాత్రికులకు దారి చూపినవారు, దొంగల భయమునుండియు, మృగముల భయమునుండియు తోడుండి కాచినవారు వీరే. అందులకు వారికి కొంత ముట్టజెప్పుట ఆచారము. రాజు మెట్లు ఒకమారు కట్టించినాడు. దారిని ఏటేట బ్రతికించినవారు చెంచులు. ఈ మాట మన చరిత్రగ్రంథములలో రావలసినంతగా రాలేదు.

మోటారు రోడ్డు వచ్చిన పిమ్మట తెలుగువారిలో నడచువారు తగ్గిపోయినారు. అయినను దారి మూతపడలేదు. ఉగాదికి కన్నడ దేశమునుండి వేలాది భక్తులు నేటికిని నడచియే వచ్చుచున్నారు. భ్రమరాంబ వారికి ఇంటి ఆడపడుచు, మల్లికార్జునుడు అల్లుడు. కూతురికి చీర, రవిక, పసుపు, కుంకుమ తెచ్చు పుట్టింటివారివలె వారు వత్తురు. చెంచులు అల్లుడనిన స్వామిని వారును అల్లుడనుట ఎంత ముచ్చట! పుట్టింటివారు రెండిండ్లవారైనను, వచ్చు దారి ఒకటే.

ఇప్పుడు ఈ అడవికి ఇంకొక యజమాని కూడ ఉన్నాడు. 1978లో దీనిని అభయారణ్యముగా ప్రకటించినారు; 1983లో పెద్దపులుల రక్షణ పథకములో చేర్చినారు. కావున పండుగ దినములలో అటవీశాఖవారు అనుమతించిన వేళలలోనే నడువవలెను. ఈ కట్టడిని విసుగుకొనుట తగదు. అది ఎండిన ఆకులు మోకాలి లోతున పడియుండు కాలము. ఆర్పక విడిచిన ఒక్క పొయ్యి కొండలోని అడవిని కాల్చివేయగలదు. మనము పారవేసిన ప్లాస్టిక్ సంచిని దుప్పి మేయును. మృగము దాహము తీర్చుకొను కొలనులోనే మనము సబ్బు నురుగు కలిపినచో, ఏ నీటిని నమ్ముకొని ఈ దారి పుట్టినదో ఆ నీటినే చెరిపినవారము అగుదుము.

ఈ దారి నిలుచుటకు రెండు కావలెను. ఒకటి నడచు కాలు. నడక మానినచో మెట్లను వేరులు లేపును, కంప కప్పును. ఒకటి రెండు తరములలో దారి జాడ పోవును. రెండవది సరిచేయు చేయి. కదలిన రాయిని కదలినట్లే విడువక, సిమెంటు పూసి పాతదనమును చెరుపక, ఉన్న రాతిని ఉన్నచోటనే నిలిపి కూర్చవలెను. ఆ పనిలో చెంచు యువకులకు కూలియు, గౌరవమును కల్పించినచో అంతకు మించిన న్యాయము లేదు.

శక్తియున్నవారు జీవితమున ఒకమారైనను, అనుమతి పొంది, తోడు పెట్టుకొని, పగటివేళ నాగలూటి మెట్లు ఎక్కి చూడుడు. దీర్ఘయాత్ర చేయలేనివారు శ్రీశైలమునుండి కైలాసద్వారము వరకైనను పోయి, అక్కడ లోయలోనికి దిగు మెట్లను కాసేపు చూచి రండు. దాదాపు ఏడువందల ఏండ్లుగా తెలుగు, కన్నడ పాదములు మోసిన రాళ్లవి. వాటిని మన పిల్లలకు చూపి, ఏ మెట్టు ఎందుకు అట్లు అరిగినదో చెప్పవలసిన బాధ్యత మనది.