బూడిద కింద ఎవరున్నారు?

నంద్యాల జిల్లా పాములపాడు నుంచి దక్షిణంగా నంద్యాల దాటి బనగానపల్లె వైపు మళ్లితే జుర్రేరు లోయ వస్తుంది. అక్కడి జ్వాలాపురం దగ్గర మట్టి పొరల నడుమ తెల్లటి బూడిద కనిపిస్తుంది, కొన్నిచోట్ల మనిషి ఎత్తుకు మించి. ఊరివాళ్లకు అది అమ్ముడుపోయే సరుకు, గిన్నెలు తోమే పొడుల కోసం తవ్వి తీశారు. ఆ గోతులే పురావస్తు శాస్త్రవేత్తలకు దారి చూపాయి.

కంటికి కనబడేది అంతవరకే. ఆ బూడిద సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతానిదనీ, సుమారు 74,000 ఏళ్ల కిందట ఎగిరి వచ్చిందనీ చెప్పింది అందులోని గాజు రేణువుల రసాయన కూర్పు. ఇది ఊహే, కాని గట్టి పోలిక మీద నిలబడ్డది. ఇప్పుడు దీన్ని పెద్దగా ఎవరూ కాదనరు.

అసలు గొడవ పనిముట్లతో మొదలైంది.

పురావస్తు శాస్త్రవేత్తలు మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ల బృందం బూడిద కిందా పైనా రాతి పనిముట్లు చూసింది. రెండూ ఒకే తీరులో ఉన్నాయి. ఇది పరిశీలన. విస్ఫోటనాన్ని తట్టుకుని జనం కొనసాగారన్నది ఒక మెట్టు పైకి. వాళ్లు ఆఫ్రికా నుంచి వచ్చిన మనలాంటి మనుషులే అన్నది మరో మెట్టు. 2007లో ‘సైన్స్’ పత్రికలో ఈ వాదన వచ్చాక మరో పురావస్తు శాస్త్రవేత్త పాల్ మెల్లార్స్ ఒప్పుకోలేదు. మనలాంటి మనుషులు ఇక్కడికి చేరింది టోబా తర్వాతేనని ఆయన వాదన. రాళ్లు అవే. బూడిద కింద మనిషి ఎముక మాత్రం దొరకలేదు, దొరికితే సగం తగువు తీరేది.

ఇలాంటి పేచీ ఒకప్పటి కర్నూలు జిల్లాలోని ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ బేతంచెర్ల దగ్గర బిల్లసుర్గం గుహలు తవ్వించారు. బయటపడ్డ ఎముకల్లో ఖడ్గమృగానివీ ఉన్నాయి, శిలాజ శాస్త్రవేత్త రిచర్డ్ లిడెక్కర్ దానికి కర్నూలు పేరే పెట్టాడు. కొన్ని ఎముకలను ఫుట్ ఆదిమానవుల పనిముట్లన్నాడు. తర్వాతివాళ్లకు సందేహం కలిగింది. ఎముక మీద గాటు ఎవరికైనా కనిపిస్తుంది. అది మనిషి చెక్కిందా, ముళ్లపంది కొరికిందా అని తేల్చడమే కష్టం.

జ్వాలాపురంలోనే ఇంకో చోట, ఒక రాతి చరియ కింద, మనిషి పుర్రె ముక్కలు దొరికాయి. కాని అక్కడి పొరల్లో అత్యంత పాతవి కూడా సుమారు 35,000 ఏళ్లవే. బూడిద పడేసరికి అవి పుట్టనే లేదు.