మంచుబొమ్మ కాపలా: మైన్‌క్రాఫ్ట్‌లో బలహీన సహాయకులతో ఊరిని కాపాడుకోవడం ఎలా?

అండమాన్ దీవుల్లో మంచు పడదు. వాన మాత్రం ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్లు పడుతుంది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ ఈ దీవులను తడుపుతాయి. 2011 జనగణన ప్రకారం ఇక్కడి జనాభా దాదాపు 3.8 లక్షలు, అందులో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌కు చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన ఇంటర్నెట్ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. అంతకుముందు ఇంటర్నెట్ ప్రధానంగా ఉపగ్రహాల మీదే ఆధారపడేది. అలాంటి చోట ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండా ఒంటరిగా ఆడుకోగలిగే ఆటల విలువ వేరు. మైన్‌క్రాఫ్ట్ అలాంటి ఆట.

ఈ ఆటలో ఊరి కాపలా గురించి మాట్లాడుకునేటప్పుడు అందరూ ఇనుప గోలెం గురించే చెబుతారు. మంచు గోలెంను ఆటబొమ్మగా చూసి వదిలేస్తారు. అది బలహీనమైనదే, సందేహం లేదు. అయితే దాని పని ఏమిటో తెలిసి, సరైన చోట నిలబెడితే ఊరు తెల్లారేదాకా నిలుస్తుంది. తెలియక పెడితే మొదటి వానకే కరిగిపోతుంది.

ఊరికి వచ్చే ముప్పు ఏమిటి?

స్వీడన్‌కు చెందిన మొజాంగ్ సంస్థ 2011 నవంబర్ 18న మైన్‌క్రాఫ్ట్ పూర్తి వెర్షన్‌ను విడుదల చేసింది. 2014లో మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను 250 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. 30 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడైనట్టు 2023లో ప్రకటించారు. ఇందులో గెలుపు, ఓటమి అంటూ కచ్చితమైన లెక్క లేదు. ఆటగాడు తవ్వుకుంటాడు, కట్టుకుంటాడు, నచ్చిన చోట స్థిరపడతాడు.

ఈ లోకంలో ఊళ్లు వాటంతట అవే పుడతాయి. మైదానం, ఎడారి, సవన్నా, టైగా, మంచు మైదానం వంటి నేలల్లో అవి కనిపిస్తాయి. అక్కడి రైతులు, కమ్మరులు, గ్రంథపాలకులు ఆటగాడితో వస్తుమార్పిడి చేస్తారు. వాళ్ల చేతిలో ఆయుధం ఉండదు. చీకటి పడ్డాక జాంబీలు వస్తాయి. కష్టస్థాయి 'ఈజీ'లో ఉంటే జాంబీ చేతిలో పడిన ఊరివాడు చనిపోతాడు. 'నార్మల్'లో సగం సందర్భాల్లో తానే జాంబీగా మారతాడు. 'హార్డ్'లో తప్పకుండా మారతాడు, పైగా ఆ స్థాయిలో జాంబీలు తలుపులు కూడా బద్దలు కొట్టగలవు.

ఊరి జనం పెరగాలంటే కనీసం ఇద్దరు మిగలాలి, వాళ్లకు తిండి, ఖాళీ మంచాలు ఉండాలి. ఒక్కరే మిగిలితే ఆ ఊరు దానంతట అది కోలుకోదు. వారాల తరబడి పెంచుకున్న ఊరు ఒక్క రాత్రిలో ఖాళీ అయితే ఆడే పిల్లలకు అది చిన్న నష్టం కాదు.

రెండు గుండెల కాపలాదారు

రెండు మంచు బ్లాకులను ఒకదాని మీద ఒకటి పెట్టి, చివరగా పైన చెక్కిన గుమ్మడికాయను ఉంచితే మంచు గోలెం ప్రాణం పోసుకుంటుంది. ఒక్కో మంచు బ్లాకుకు నాలుగు మంచు ఉండలు కావాలి. అంటే మొత్తం ఎనిమిది ఉండలు, ఒక గుమ్మడికాయతో కాపలాదారు సిద్ధం. ఇనుప గోలెంకు నాలుగు ఇనుప బ్లాకులు కావాలి, అంటే 36 ఇనుప కడ్డీలు. ఆట మొదలుపెట్టిన కొత్తలో అంత ఇనుము ఎవరి దగ్గరా ఉండదు.

బలంలోనూ అంతే తేడా. ఇనుప గోలెం ఆరోగ్యం 100 పాయింట్లు. మంచు గోలెంది నాలుగు, అంటే తెర మీద రెండు గుండె గుర్తులు. ఇది విసిరే మంచు ఉండలు జాంబీకి గానీ, అస్థిపంజరానికి గానీ, క్రీపర్‌కు గానీ ఏ నష్టమూ చేయవు. నెదర్ లోకంలోని బ్లేజ్ అనే జీవికి మాత్రమే దెబ్బ తగులుతుంది. ఊళ్లో బ్లేజ్‌లు ఉండవు కాబట్టి ఆ లెక్క మనకు అక్కర్లేదు.

మరి ఉపయోగం ఏమిటి? మంచు ఉండ తగిలిన శత్రువు కొంచెం వెనక్కి జరుగుతుంది. తరచూ ఊరివాళ్లను వదిలి తనను కొట్టిన బొమ్మ వైపు తిరుగుతుంది. ఈ రెండింటితోనే పని నడుస్తుంది. మంచు గోలెం చంపదు. ఆపుతుంది, దారి మళ్లిస్తుంది, ఎటు నుంచి ముప్పు వస్తోందో చూపిస్తుంది. చంపే పని గొయ్యిదో, ఇనుప గోలెందో, ఆటగాడి కత్తిదో, తెల్లవారాక వచ్చే ఎండదో కావాలి.

వాన, ఎండ: అసలు శత్రువులు

మంచు గోలెంకు జాంబీ కంటే వాతావరణమే పెద్ద శత్రువు. వానలో తడిసినా, నీళ్లలో దిగినా దాని ఆరోగ్యం తగ్గుతూ పోయి చనిపోతుంది. ఎడారి, సవన్నా, ఎర్రమట్టి బ్యాడ్‌ల్యాండ్స్, నెదర్ వంటి వేడి ప్రాంతాల్లో వాన లేకపోయినా కరిగిపోతుంది. అండమాన్ లాంటి తేమ నేలను ఆటలో ఊహించుకుంటే ఆరుబయట ఇది ఒక్క వర్షాకాలం కూడా బతకదు.

అందువల్ల మన ఊరు ఏ నేలలో ఉందో ముందు చూసుకోవాలి. మంచు మైదానంలోని ఊరికి ఇది సరిగ్గా సరిపోతుంది. అక్కడ వానకు బదులు మంచే కురుస్తుంది. పైగా చలి ప్రాంతంలో ఇది నడిచిన చోటల్లా పలుచగా మంచు పరుచుకుంటుంది. దాన్ని పారతో ఎత్తుకుంటే ఇంకో గోలెంకు సరుకు దొరికినట్టే. మైదానం, టైగా ఊళ్లలో నెత్తిన కప్పు ఉంటే నిలుస్తుంది. ఎడారి, సవన్నా ఊళ్లలో కప్పు వేసినా వేడికి ఆగదు. అక్కడ వేరే ఉపాయం చూసుకోవాలి.

పనిచేసే అమరిక

మొదట దీపాలు. 1.18 వెర్షన్ నుంచి దీపపు వెలుగు ఏమాత్రం లేని చోటే శత్రువులు పుడుతున్నాయి. ఇళ్ల మధ్య, దారుల పక్కన, పొలాల అంచున కాగడాలు పెడితే ఊరి లోపల పుట్టే ముప్పు తీరిపోతుంది. మిగిలేది బయటి నుంచి వచ్చేదే.

రెండోది కంచె. ఆటలో కంచె చూడటానికి ఒక బ్లాకు ఎత్తే అయినా నడిచే జీవులు దాన్ని దూకలేవు. సాలీళ్లు మాత్రం గోడలు ఎక్కగలవు.

మూడోది కాపలా మంచె. కంచెకు బయట, ఇళ్లకు పది బ్లాకుల దూరంలో, రెండు మూడు బ్లాకుల ఎత్తున చిన్న వేదిక కట్టాలి. చుట్టూ కంచె, పైన కప్పు వేసి మంచు గోలెంను అందులో ఉంచాలి. బయట వదిలేస్తే అది ఇష్టమొచ్చినట్టు తిరిగి ఏ కుంటలోనో పడి పోతుంది. ఇళ్లకు ఆనించి మంచె కట్టడం ప్రమాదం. రెచ్చిపోయిన క్రీపర్ అక్కడికే వచ్చి పేలితే గోడలు కూడా లేచిపోతాయి.

నాలుగోది గొయ్యి. మంచె ముందు మూడు బ్లాకుల లోతున కందకం తవ్వితే, మంచు ఉండ దెబ్బకు వెనక్కి తూలిన జాంబీ అందులో పడే అవకాశం ఉంది. గొయ్యి మీద కప్పు వేయకూడదు. తెల్లవారాక ఎండ తగిలి జాంబీలు, అస్థిపంజరాలు కాలిపోతాయి.

చివరిది గంట. చాలా ఊళ్ల మధ్యలో గంట ఉంటుంది. అది మోగిస్తే జనం ఇళ్లలోకి పరుగెడతారు. మంచెల దగ్గర కదలిక కనబడగానే గంట కొట్టడం అలవాటు చేసుకుంటే ప్రాణనష్టం బాగా తగ్గుతుంది.

తోడుగా ఎవరు?

మంచు గోలెం ఒంటరిగా ఊరిని కాపాడలేదు. పిల్లి పక్కన ఉంటే క్రీపర్లు, ఫాంటమ్‌లు దగ్గరికి రావు. ఊళ్లలో పిల్లులు మామూలుగానే తిరుగుతుంటాయి. ఎముకలు పెట్టి మచ్చిక చేసుకున్న తోడేలును చూస్తే అస్థిపంజరాలు పారిపోతాయి. ఈ పిల్లీ, తోడేలూ కూడా బలం లెక్కలో చిన్నవే. కానీ ఒక్కొక్కటి ఒక్కో శత్రువును దూరం పెడుతుంది.

తగినంత పెద్ద ఊళ్లో ఇనుప గోలెం దానంతట అదే పుడుతుంది. అయితే జావా ఎడిషన్‌లో అది క్రీపర్ల జోలికి వెళ్లదు. దెబ్బతిన్నప్పుడు ఇనుప కడ్డీతో దాన్ని బాగుచేయవచ్చు. మంచు గోలెం శత్రువు దృష్టిని మళ్లిస్తుంటే ఇనుప గోలెం తన పని చేసుకుపోతుంది. ఫోన్లలో నడిచేది బెడ్‌రాక్ ఎడిషన్. జావాకూ దానికీ కొన్ని నియమాలు మారతాయి కాబట్టి, పెద్ద కోట కట్టే ముందు ఒక మంచె కట్టి ఒక రాత్రి చూడటం మంచిది.

నికోబార్‌లోనూ కాపలా బొమ్మలు

మనిషి చేసిన బొమ్మ మనిషికి కాపలా కాయడం ఈ ఆట కనిపెట్టిన ఊహ కాదు. గోలెం అనే పేరు యూదుల గాథల్లోది. 16వ శతాబ్దపు ప్రాగ్ నగరంలో ఒక మతగురువు తన వాళ్లను కాపాడేందుకు మట్టిబొమ్మకు ప్రాణం పోశాడని ఆ గాథ చెబుతుంది. మన ఊళ్ల పొలిమేరలో పోతురాజు రాయి, చేలో దిష్టిబొమ్మ అదే కోవలోవి.

అండమాన్‌కు దక్షిణాన ఉన్న నికోబార్ దీవుల్లో, ముఖ్యంగా నన్‌కౌరీ ప్రాంతంలో, మనుషుల, జంతువుల ఆకారాల్లో కొయ్యబొమ్మలు చెక్కి ఇళ్లలో నిలబెట్టే సంప్రదాయం ఉండేది. మనిషి బొమ్మలను కరేయౌ అని, జంతువుల వంటి బొమ్మలను హెంటా-కోయ్ అని పిలిచేవారు. జబ్బులు తెచ్చే ఆత్మలను బెదరగొట్టడం వాటి పని. రోగి కోలుకుంటే బొమ్మకు శక్తి ఉన్నట్టు లెక్క, లేకపోతే దాన్ని పక్కన పెట్టేసేవారు. 19వ శతాబ్దం చివర్లో ఆ దీవుల్లో అధికారిగా పనిచేసిన ఇ.హెచ్. మాన్ సేకరించిన నికోబార్ వస్తువులు నేడు బ్రిటన్ మ్యూజియంలలో ఉన్నాయి.

ఆ బొమ్మ దెయ్యంతో కుస్తీ పట్టాలని ఎవరూ కోరలేదు. అది గుమ్మంలో నిలబడి బెదరగొడితే చాలు, మిగతాది వైద్యుడూ ఇంటివాళ్లూ చూసుకునేవారు. మంచు గోలెం నుంచి ఆశించాల్సిందీ అంతే. ఊరి బరువంతా దాని మీద పెట్టకుండా, దీపం, కంచె, గొయ్యి, గంట, పిల్లి తలా కొంత మోస్తే రెండు గుండెల బొమ్మ కూడా తన వాటా తాను మోస్తుంది. నెత్తిన ఒక కప్పు మాత్రం వేయడం మరిచిపోకూడదు.