ఆసుపత్రుల మధ్య రోగుల తరలింపు: అంబులెన్సులో ఉండవలసిన సిబ్బంది (పల్నాడు జిల్లా నేపథ్య వ్యాసం)

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో, మాచర్ల, గురజాల ప్రాంతాల ఆసుపత్రుల నుంచి అత్యవసర రోగులను నరసరావుపేటకు గానీ, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి గానీ పంపవలసిన సందర్భాలు తరచుగా ఏర్పడుతుంటాయి. మాచర్ల నుంచి గుంటూరుకు సుమారు 120 కిలోమీటర్లు. రెండు గంటలకు పైబడిన ప్రయాణం. ఈ వ్యవధిలో రోగికి అందే వైద్యమంతా వాహనంలోని సిబ్బందిపైనే ఆధారపడి ఉంటుంది.

ఈ విషయమై మౌలిక ఆదేశం సుప్రీంకోర్టుదే. 1992లో రైలు నుంచి జారిపడి తలకు గాయమైన ఒక వ్యక్తిని కలకత్తాలోని పలు ప్రభుత్వ ఆసుపత్రులు చేర్చుకొనక తిప్పిపంపిన ఉదంతంపై, పశ్చిమబంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో 1996లో న్యాయస్థానం తీర్పు వెలువరించింది. రూ.25,000 పరిహారం ఇప్పించడంతో పాటు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి జిల్లా ఆసుపత్రికి, అక్కడి నుంచి రాష్ట్రస్థాయి ఆసుపత్రికి రోగిని చేర్చే అంబులెన్సులో తగిన పరికరాలు, వైద్య సిబ్బంది ఉండాలని స్పష్టం చేసింది. పరిహారం మాట అందరికీ గుర్తున్నది గాని, సిబ్బంది మాట అంతగా ప్రచారంలోకి రాలేదు.

దేశంలో రహదారి అంబులెన్సులను ఏఐఎస్-125 ప్రమాణం నాలుగు తరగతులుగా విభజించింది. ‘ఏ’ తొలి సహాయకుని వాహనం, ‘బి’ రోగుల రవాణా వాహనం, ‘సి’ ప్రాథమిక ప్రాణరక్షణ వాహనం, ‘డి’ అధునాతన ప్రాణరక్షణ వాహనం. ఇది వాహనానికి సంబంధించిన వర్గీకరణ. వెంటిలేటరు అమర్చినంత మాత్రాన, దానిని నడపగలవారు లేని వాహనం అధునాతన సేవ అందించజాలదు.

ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న 108 సేవలు ప్రారంభమైనాయి. 2020 జూలై 1న ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశపెట్టిన 412 కొత్త 108 వాహనాలలో 282 ప్రాథమిక, 104 అధునాతన ప్రాణరక్షణ వాహనాలు కాగా, 26 నవజాత శిశువులకు ఉద్దేశించినవి. 108 వాహనంలో సాధారణంగా పైలట్, ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్ ఉంటారు. ఘటనాస్థలం నుంచి సమీప ఆసుపత్రికి చేర్చుటకు ఈ ఏర్పాటు సరిపోతుంది. తీవ్ర స్థితిలోని రోగిని దూరప్రాంత ఆసుపత్రికి తరలించుటకు మాత్రం డ్రైవరు కాక కనీసం ఇద్దరు శిక్షితులు ఉండాలన్నది అత్యవసర వైద్యరంగంలో అంగీకృత నియమం. శ్వాసనాళంలో గొట్టం వేసిన రోగి అయితే, ఆ ఇద్దరిలో ఒకరు శ్వాసమార్గ నిర్వహణ తెలిసిన వైద్యులై ఉండాలి. ఫిట్స్ వచ్చిన గర్భిణికి ప్రసవ నిర్వహణలో శిక్షణ పొందిన నర్సు తోడు అవసరం. స్థిమితంగా ఉండి, ఆక్సిజన్, సెలైను అవసరం లేని రోగికి టెక్నీషియన్ ఒక్కరు చాలును.

పల్నాడులో పాముకాటు ఉదాహరణ గమనింపదగినది. తాచు, కట్లపాము విషం శ్వాసకండరాలను క్రమంగా స్తంభింపజేస్తుంది. మాచర్లలో మాట్లాడుతూ వాహనమెక్కిన రోగికి పిడుగురాళ్ల దాటేసరికి ఊపిరి ఆగిపోవచ్చును. పత్తి, మిరప చేలలో వాడే ఆర్గానోఫాస్ఫరస్ పురుగుమందుల విషప్రభావానికి గురైనవారికి మార్గమధ్యంలో అట్రోపిన్ మళ్లీ మళ్లీ ఇవ్వవలసి రావచ్చు, నోటి స్రావాలను తొలగిస్తూ ఉండాలి. కావున సిబ్బందిని నిర్ణయించవలసినది బయలుదేరునప్పటి స్థితిని బట్టి కాదు, దారిలో సంభవించగల విషమస్థితిని బట్టి.

ఆక్సిజన్ లెక్క కూడా సిబ్బంది బాధ్యతే. సుమారు 1,500 లీటర్ల ‘బి’ రకం సిలిండరు నిమిషానికి 10 లీటర్ల చొప్పున వాడితే రెండున్నర గంటలు మాత్రమే వచ్చును. మాచర్ల–గుంటూరు ప్రయాణానికి రెండవ సిలిండరు లేకుండా బయలుదేరడం సాహసమే.

అమెరికాలో 1986 నాటి చట్టం, తరలింపు అర్హులైన సిబ్బందితోనే జరిగేలా చూసే బాధ్యతను పంపే ఆసుపత్రిపై ఉంచింది. మన వద్దనూ రెఫరల్ పత్రంపై సంతకం చేసే వైద్యాధికారే వెంట వెళ్లేవారెవరో నిర్ణయించి, చేర్చుకొనే ఆసుపత్రికి ముందుగా ఫోను చేయడం సముచితం. రాత్రి విధుల్లో ఒకే వైద్యులున్న చోట వారు అంబులెన్సు ఎక్కితే ఆసుపత్రిలో వైద్యులుండరన్నది వాస్తవం. అందుచేత తరలింపు విధులకు ప్రత్యేక జాబితాను ముందుగానే సిద్ధం చేసుకొనవలసి ఉంటుంది.

ప్రసవానంతరం తల్లీబిడ్డలను ఇంటికి చేర్చే 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ వాహనాలు ఈ తరలింపులకు ఉద్దేశించినవి కావు. మార్గమధ్యంలో మరణం సంభవించినప్పుడు వార్త రాసే పాత్రికేయులు అంబులెన్సు ఆలస్యంతో పాటు వాహన తరగతి, వెంట ఉన్నవారి అర్హత, బయలుదేరిన సమయం, ఆక్సిజన్ నిల్వలను కూడా విచారించవలసి ఉంటుంది.