చాప్టర్ 13: వాయిదాల దివాలాతో ఎవరికి మేలు?

అమెరికాలో అప్పులు తీర్చలేని మనిషికి దివాలా కోర్టులో ప్రధానంగా రెండు దారులున్నాయి. చాప్టర్ 7 కింద చట్టం మినహాయించినవి పోను ఆస్తి ఏమైనా మిగిలితే అమ్మి అప్పులవాళ్ళకు పంచుతారు. తీరని బాకీల్లో చాలావరకు కొన్ని నెలల్లోనే రద్దవుతాయి. చాప్టర్ 13లో ఇల్లూ కారూ దగ్గరే ఉంచుకుని, కోర్టు ఒప్పుకున్న పద్ధతిలో మూడు నుంచి ఐదేళ్ళ దాకా నెలనెలా కట్టుకుంటూ పోవాలి. చివరి వాయిదా కట్టాకే మిగిలిన బాకీలు మాఫీ అవుతాయి.

ఈ రెండో దారి గురించి వచ్చిన పరిశోధనలు ఒకదానికొకటి పొసగనట్టు కనిపిస్తాయి. ముగ్గురిలో దాదాపు ఒక్కరే వాయిదాలు పూర్తి చేయగలుగుతున్నారని పరిశోధకురాలు కేథరిన్ పోర్టర్ 2011లో రాశారు. చాలామందికి అది పరిష్కారంలా కనిపించేదే తప్ప పరిష్కారం కాదన్నది ఆమె వాదన. నాలుగేళ్ళ తర్వాత విల్ డాబీ, జే సాంగ్ అనే ఆర్థికవేత్తలు చాప్టర్ 13 రక్షణ దొరికినవాళ్ళ సంపాదన, ఇల్లు, చివరికి ఆయుర్దాయం కూడా మెరుగ్గా ఉన్నాయని లెక్క తేల్చారు. ఈ రెండూ నిజమే కావచ్చని నా అభిప్రాయం. ఎవరిని ఎవరితో పోల్చారన్న దగ్గరే మెలిక ఉంది.

ముందు ఒక వాయిదా ప్రయాణం చూద్దాం. పిటిషన్ పడిన మరుక్షణం వసూళ్ళు ఆగుతాయి. ఫోన్లు, దావాలు, జీతంలో కోత, ఇంటి వేలం అన్నింటికీ ఇది వర్తిస్తుంది. ముప్పై రోజుల్లోపు, వాయిదాల ప్రణాళికకు జడ్జి ఆమోదం ఇంకా రాకముందే, మొదటి వాయిదా కట్టాలి. డబ్బు వెళ్ళేది నేరుగా అప్పులవాళ్ళకు కాదు, దాన్ని పంచే ట్రస్టీకి. చాలాచోట్ల యజమానే జీతంలోంచి పట్టి పంపిస్తాడు. ట్రస్టీ తన కమీషన్ పది శాతం లోపు తీసుకుంటారు. లాయరు ఫీజు, కారు అప్పు, ఇంటి అప్పు పాత బకాయి, పన్నులు ముందు వరసలో ఉంటాయి. క్రెడిట్ కార్డులకీ ఆసుపత్రి బిల్లులకీ దక్కేది అడుగున మిగిలిందే. రెండో ఏడు ఉద్యోగం పోయి వాయిదాలు తప్పితే, సవరణకు వీలు దొరక్కపోతే, కేసు కొట్టేస్తారు. అప్పుడు ఆగిన వడ్డీతో సహా పాత బాకీలు మళ్ళీ మెడకు చుట్టుకుంటాయి. అప్పటిదాకా కట్టినదాంట్లో పెద్ద భాగం లాయరు ఫీజుకీ, కమీషన్‌కీ, కారు అప్పుకీ పోయి ఉండవచ్చు.

డాబీ, సాంగ్ ఒక వెసులుబాటును వాడుకున్నారు. ఒకే కోర్టులో పిటిషన్లు ఏ జడ్జి దగ్గరికి వెళ్ళేదీ లాటరీ లాగే తేలుతుంది. కొందరు జడ్జీలు కేసులు ఎక్కువగా కొట్టేస్తారు, కొందరు తక్కువ. అంటే దాదాపు ఒకేలాంటి ఇద్దరిలో ఒకరికి రక్షణ దక్కి, ఇంకొకరికి దక్కకపోవడానికి జడ్జి మారడమే కారణం కావచ్చు. సుమారు 5 లక్షల పిటిషన్లను ఆదాయ రికార్డులతో జతచేసి చూస్తే, రక్షణ వల్ల మొదటి ఐదేళ్ళలో ఏడాది సంపాదన 5,562 డాలర్లు ఎక్కువగా ఉంది. ఐదేళ్ళలో మరణాల రేటు 1.2 శాతం పాయింట్లు, ఇల్లు వేలానికి పోవడం 19.1 శాతం పాయింట్లు తగ్గాయి.

చిన్న అంకెలేం కావివి. అయితే మూడు సంగతులు మరవకూడదు. ఈ పోలిక కేసు కొట్టేయబడినవాళ్ళతో జరిగింది, చాప్టర్ 7కి వెళ్ళినవాళ్ళతో కాదు. జడ్జి స్వభావాన్ని బట్టి అటో ఇటో తేలే కేసులకే ఈ ఫలితం నేరుగా వర్తిస్తుంది. ముఖ్యమైనది మూడోది. రక్షణ దొరికినవాళ్ళు పైకెదగడం కంటే దొరకనివాళ్ళు దిగజారడం వల్లే ఈ తేడా వచ్చిందని ఆ రచయితలే చెప్పారు. సాధారణ అప్పుకు ఫెడరల్ చట్టం చేతికొచ్చే జీతంలో పావు వంతు దాకా కోతకు అనుమతిస్తుంది. ఆ కోతా, ఇల్లు పోవడమూ ఆగడం మేలు చేసిందని అనుకోవడానికి ఆధారం ఉంది. ఐదేళ్ళు వాయిదాలు కట్టడమే మేలు చేసిందనడానికి ఈ అధ్యయనంలో ఆధారం లేదు.

మరి తేలికైన చాప్టర్ 7 ఉండగా ఇందులోకి ఇంతమంది ఎందుకు వస్తారు? ఇల్లు కాపాడుకోవాలన్నది ఒక కారణం. వినడానికి చిన్నగా ఉన్నా లాయరు ఫీజు ఇంకొకటి. చాప్టర్ 7కి ఫీజు చాలావరకు ముందే చేతిలో పెట్టాలి. చాప్టర్ 13లో దాన్ని వాయిదాల్లో కలిపేయవచ్చు. చేతిలో పైసా లేనివాడు ఎక్కువ ఖర్చయ్యే దారి పట్టడం ఇలాగే. వాయిదాల చాప్టర్‌ను దేశమంతటికీ తెచ్చిన 1938 చట్టానికి పేరిచ్చిన వాల్టర్ చాండ్లర్ మెంఫిస్ నుంచి గెలిచిన కాంగ్రెస్ సభ్యుడు. ముందు డబ్బు లేకుండా వేసే చాప్టర్ 13 కేసులు ఆ ఊళ్ళోనే ఎంతగా పేరుకుపోయాయో 2017లో ప్రోపబ్లికా అనే వార్తా సంస్థ కథనాలు చూపించాయి. నల్లజాతివాళ్ళు ఈ దారిలోకి వచ్చే అవకాశం ఇతరులకు దాదాపు రెట్టింపని బ్రౌకర్, కోహెన్, లాలెస్ అనే పరిశోధకులు 2012లో రాశారు. ఆ పరిశోధకులే లాయర్లకు ఊహాజనిత కేసు ఇచ్చి అడిగినప్పుడూ అదే మొగ్గు కనిపించింది. కాగితం మీది కేసుకూ ఎదుట కూర్చున్న క్లయింటుకూ తేడా ఉంటుంది కాబట్టి, ఆ ప్రయోగం ఒక్కదానిమీదే ఎక్కువ బరువు వేయలేం.

మన దగ్గర ఐపీ పెట్టడమంటే ఇప్పటికీ 1920 నాటి ప్రావిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే. 2016 దివాలా స్మృతి మూడో భాగంలో వ్యక్తులకు వాయిదాల ప్రణాళిక రాసి ఉంది. 2019 డిసెంబరు 1న దాన్ని అమల్లోకి తెచ్చింది మాత్రం కంపెనీ అప్పులకు హామీ ఉన్న వ్యక్తుల వరకే. రేపు అందరికీ తెరిచినా అమెరికా ఫలితాలను ఇక్కడికి తెచ్చి అతికించలేం. అక్కడ అప్పులవాళ్ళకు ఓటు లేదు, చట్టం షరతులు నెరవేరితే జడ్జి ఆమోదిస్తారు. ఇక్కడ ఓటు వేసినవాళ్ళలో బాకీ విలువ ప్రకారం నాలుగింట మూడు వంతులకు పైగా ఒప్పుకోవాలి. కాబట్టి గడప దగ్గరే వడపోత వేరు. ప్రణాళిక మధ్యలో ఆగిపోయినా మన స్మృతి అప్పుపడ్డ మనిషికీ, బాకీ తీరని అప్పులవాడికీ దివాలా ఉత్తర్వు కోరే హక్కు ఇస్తుంది. అంటే ఇక్కడ విఫలమైనవాడు చేరే చోటు, డాబీ–సాంగ్ పోలికకు తీసుకున్నవాళ్ళు చేరిన చోటు ఒకటి కావు.