సైకాలజిస్టులకు మందులు రాసే అధికారం: అమెరికాలో నలభయ్యేళ్ల చరిత్ర

వైద్యవిద్య చదవని క్లినికల్ సైకాలజిస్టులు, అదనపు శిక్షణ పొందిన తరవాత, మానసిక రుగ్మతలకు వాడే మందులను సొంత సంతకంతో రాయడానికి చట్టం ఇచ్చే అనుమతి ఇది. ఈ డిమాండ్ అమెరికాలో 1980లలో పుట్టింది. రాష్ట్రాల్లో దీన్ని మొదట చట్టం చేసింది న్యూ మెక్సికో, 2002లో. 2024 నాటికి అటువంటి రాష్ట్రాలు ఏడయ్యాయి. వీటికి తోడు గ్వామ్ దీవిలో, అమెరికా సైన్యంలో, ఆదివాసుల కోసం నడిచే ఇండియన్ హెల్త్ సర్వీస్‌లో ఈ వెసులుబాటు ఉంది. యాభై రాష్ట్రాల దేశంలో నలభయ్యేళ్ల పోరాటానికి దక్కింది ఏడు రాష్ట్రాలు, కొన్ని వందలమంది లైసెన్సుదారులు. పైకి ఈ వాదన రోగి భద్రత గురించి, డాక్టర్ల కొరత గురించి సాగింది. ఏ రాష్ట్రంలో గెలిచింది, ఏ రాష్ట్రంలో ఓడింది అన్నది మాత్రం చాలాసార్లు బేరసారాలే తేల్చాయి.

నేపథ్యం

సైకియాట్రిస్టు ముందు డాక్టరు. వైద్యం చదివి, ఆ పైన మానసిక వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందుతాడు. అమెరికాలో సైకాలజిస్టు అంటే మనస్తత్వశాస్త్రంలో డాక్టరేట్ చేసినవాడు. రోగితో మాట్లాడటం, పరీక్షలు పెట్టడం, ప్రవర్తనను అంచనా వేయడం, సైకోథెరపీ చెయ్యడం అతని పని. ఈ వృత్తికి ఆరంభంగా 1896లో లైట్నర్ విట్మర్ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో తెరిచిన క్లినిక్‌ను చెబుతారు. వృత్తి బలపడింది మాత్రం రెండో ప్రపంచయుద్ధం తరవాతే. యుద్ధం నుంచి మనసు చెదిరి తిరిగొచ్చిన సైనికులకు చికిత్స చేసేవాళ్లు చాలక, మాజీ సైనికుల ఆసుపత్రులు సైకాలజిస్టులను పెద్ద ఎత్తున చేర్చుకున్నాయి. 1945లో కనెటికట్ రాష్ట్రం వారికి లైసెన్సు చట్టం చేసింది. చిట్టచివరి రాష్ట్రం మిస్సోరీ చెయ్యడానికి 1977 దాకా పట్టింది.

ఈ వృత్తికి ఏ హక్కూ అడగగానే దొరకలేదు. సైకోథెరపీ చెయ్యడం డాక్టర్ల పని అనే మాటే ఒకప్పుడు గట్టిగా నడిచింది. మనోవిశ్లేషణ శిక్షణా సంస్థలు తమను చేర్చుకోవడం లేదని సైకాలజిస్టులు 1985లో దావా వేశారు. 1988లో రాజీ కుదిరి ఆ తలుపులు తెరుచుకున్నాయి. మందుల వాదన తలెత్తింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

ఈలోగా మందులే మారిపోయాయి. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజైన్, 1957లో స్విట్జర్లాండులో ఇమిప్రమిన్, 1960లో లిబ్రియం వచ్చాయి. 1987 డిసెంబరులో ప్రోజాక్‌కు అమెరికాలో అనుమతి దొరికింది. ప్రోజాక్ తరహా మందులు పాతవాటికన్నా తక్కువ ప్రమాదకరం కావడంతో, డిప్రెషన్‌కు మందు రాసే పని చాలావరకు సైకియాట్రిస్టు చేతిలోంచి ఫ్యామిలీ డాక్టరు చేతికి వెళ్లింది. సైకాలజిస్టుల మొదటి ఫిర్యాదు ఇక్కడే ఉంది. రోగిని నాలుగు నిమిషాలు చూసే ఫ్యామిలీ డాక్టరు ఈ మందు రాయొచ్చు, వారంవారం గంటసేపు కూర్చుని వినే నేను రాయకూడదు, ఇదేం న్యాయం అని. ఈ ప్రశ్నకు ప్రత్యర్థులు ఇన్నేళ్లలోనూ సూటిగా జవాబు చెప్పలేదు. ఫ్యామిలీ డాక్టరుకు గుండె, కాలేయం, మూత్రపిండాల గురించి తెలుసుననే చెబుతూ వచ్చారు. అదీ నిజమే.

డాక్టర్లు కానివారు మందులు రాయడం అప్పటికే కొత్త కాదు. 1965లో కొలరాడోలో నర్స్ ప్రాక్టీషనర్ల శిక్షణ, అదే ఏడాది డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఫిజీషియన్ అసిస్టెంట్ల శిక్షణ మొదలయ్యాయి. కంటి పరీక్షలు చేసే ఆప్టోమెట్రిస్టులకు 1976లో వెస్ట్ వర్జీనియా చికిత్స మందులు రాసే అనుమతి ఇచ్చింది. 1990ల చివరికి ఆ హక్కు అన్ని రాష్ట్రాలకూ పాకింది. సైకాలజిస్టుల నాయకులు ఆప్టోమెట్రిస్టుల దారినే నమూనాగా పెట్టుకున్నారు. ఆ వేగం మాత్రం వారికి అందలేదు.

ఒక సెనేటర్ మాట

1984 నవంబరులో హవాయి సైకాలజిస్టుల సంఘం సభలో సెనేటర్ డేనియల్ ఇనోయె, మందులు రాసే హక్కు కోసం పోరాడండని పిలుపిచ్చారు. ఆయన కార్యాలయంలో కీలక బాధ్యతల్లో ఉన్న పాట్రిక్ డెలియాన్ స్వయంగా సైకాలజిస్టు. ఆయనే తరవాత 2000లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షుడయ్యారు. కాబట్టి ఆ పిలుపు ఊరికే నోటికొచ్చిన మాట అనుకోనక్కర్లేదు. మరుసటి ఏడాదే హవాయి చట్టసభ ముందుకు విషయం వెళ్లింది కానీ ఫలితం రాలేదు. ఎక్కడ మొదలైందో ఆ హవాయిలో ఇప్పటికీ ఈ చట్టం లేదు. 2007లో బిల్లు చట్టసభ దాటినా గవర్నర్ లిండా లింగిల్ వీటో చేశారు.

సైన్యంలో ప్రయోగం

రాష్ట్రాల్లో దారి దొరక్కపోయినా ఇనోయె చేతిలో మరో దారి ఉంది. రక్షణశాఖ ఖర్చులు చూసే సెనేట్ ఉపసంఘంలో ఆయన మాట చెల్లేది. సైనిక సైకాలజిస్టులకు మందులు రాయడంలో శిక్షణ ఇచ్చి చూడమని 1988లో కాంగ్రెస్ రక్షణశాఖను ఆదేశించింది. అలా సైకోఫార్మకాలజీ డిమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు 1991లో మొదలైంది.

తొలి బృందం సైనిక వైద్య విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యార్థులతో కలిసి రెండేళ్లు తరగతుల్లో కూర్చుంది. తరవాత ఏడాదిపాటు వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో వార్డుల్లో పనిచేసింది. తరవాతి బృందాలకు తరగతులను ఏడాదికి కుదించారు. 1994లో నౌకాదళానికి చెందిన మోర్గాన్ సామన్స్, జాన్ సెక్స్‌టన్ మొదటి ఇద్దరు పట్టభద్రులుగా బయటికొచ్చారు. సైకియాట్రిస్టుల సంఘం కాంగ్రెస్‌లో గట్టిగా పట్టుపట్టడంతో కొత్త చేరికలు ఆగి, 1997లో ప్రాజెక్టు మూతబడింది. మొత్తం పూర్తిచేసింది 10 మంది.

ఆ పదిమంది మీద ఇప్పటికీ రెండు పక్షాలూ ప్రమాణాలు చేస్తాయి. బయటి నిపుణులుగా వాళ్లను గమనించిన అమెరికన్ కాలేజ్ ఆఫ్ న్యూరోసైకోఫార్మకాలజీ, వారి పనివల్ల రోగులకు హాని జరగలేదని, పైఅధికారులూ డాక్టర్లూ వారిని మెచ్చుకున్నారని 1998 నివేదికలో రాసింది. అదే నివేదికలో మరోటి ఉంది. వీళ్ల వైద్యపరిజ్ఞానం సైకియాట్రిస్టులతో సమానం కాదని, ఇంతకన్నా పొట్టి శిక్షణలు పెట్టడం తెలివితక్కువని ఆ పట్టభద్రుల్లో దాదాపు అందరూ అన్నారని. అనుకూలురు మొదటి వాక్యాన్ని, ప్రతికూలురు రెండో వాక్యాన్ని చదువుతారు. నివేదికను మొత్తంగా చదివితే పదిమందికి బాగా నేర్పితే బాగా చేశారనే తేలుతుంది. వందలమందికి తక్కువ నేర్పితే ఏమవుతుందో అది చెప్పదు, చెప్పలేదు కూడా.

కాంగ్రెస్ తరఫున లెక్కలు తనిఖీ చేసే జనరల్ అకౌంటింగ్ ఆఫీసు అంతకు ముందే, 1997లో, మరో కోణం తీసింది. ఖర్చు సుమారు 61 లక్షల డాలర్లు, అంటే ఒక్కొక్కరికి 6 లక్షల 10 వేల డాలర్లు. సైన్యానికి వీళ్ల అవసరం ఉందని ఎవరూ రుజువు చెయ్యలేదంది. 1999లో మళ్లీ చూసి, పని బాగానే చేస్తున్నారు గానీ సైన్యం సన్నద్ధతకు, ఖర్చుకు పెద్ద తేడా రాలేదని తేల్చింది.

సైన్యం బయట కూడా ఒక చిన్న ఉదాహరణ ఉంది. 1980ల చివర్లో శాంటా ఫేలోని ఆదివాసుల ఆసుపత్రిలో ఒక సైకాలజిస్టు పరిమితమైన జాబితాలోంచి మందులు రాశాడు. చట్టాలు రాకముందే న్యూ మెక్సికో నేల మీద ఈ పని జరిగిందన్న మాట.

సొంత ఇంట్లో గొడవ

ఈ ఉద్యమానికి వ్యతిరేకులంతా డాక్టర్లే అనుకుంటే పొరపాటు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 1990లో అధ్యయన బృందాన్ని వేసింది, 1995లో ఈ హక్కును అధికారికంగా సమర్థించింది, 1996లో నమూనా చట్టాన్నీ నమూనా పాఠ్యప్రణాళికనూ తయారుచేసింది. (దీన్నీ, దీనికి బద్ధవిరోధి అయిన అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్‌నూ ఒకే పొట్టిపేరుతో ఏపీఏ అంటారు. ఈ చరిత్ర చదివేవారికి ఇదొక తలనొప్పి.) కానీ స్టీవెన్ హేస్, ఎలేన్ హైబీ, విలియం రాబినర్ వంటి పేరున్న సైకాలజిస్టులే దీన్ని తప్పుబట్టారు.

వారి అభ్యంతరాలు రెండు. డాక్టరేట్ కార్యక్రమాల్లో రసాయనశాస్త్రం, శరీరధర్మశాస్త్రం లేవు, పైపై కోర్సుతో ఆ లోటు పూడదు అన్నది ఒకటి. రెండోది ఇంకా లోతైనది. మందు రాస్తే డబ్బూ గౌరవమూ ఎక్కువ, సమయం తక్కువ. నలుగురికి మందు రాసే వ్యవధిలో ఒకరితో మాట్లాడే ఓపిక ఎవరికుంటుంది? సైకియాట్రీ ఎలా మాటలను వదిలి మందుల వైపు జారిందో, సైకాలజీ కూడా అలాగే జారుతుందన్నారు. దీనికి అనుకూలురు ఇచ్చిన జవాబు ఈ వివాదం మొత్తంలో అన్నిటికన్నా పదునైనది: మందు రాసే అధికారమంటే మందు మాన్పించే అధికారం కూడా. అవసరం లేని మాత్రలను ఆపించడానికి కూడా సైకాలజిస్టు ఇవాళ మరొకరి సంతకం కోసం ఎదురుచూడాలి అని.

చట్టాలు

1993లో ఇండియానా ఒక చట్టం చేసింది గానీ అది కేంద్రప్రభుత్వ శిక్షణలో ఉన్నవారికే. 1998 చివర్లో గ్వామ్ దీవి, డాక్టరుతో ఒప్పందం ఉండాలనే షరతుతో అనుమతించింది.

అసలు మలుపు న్యూ మెక్సికో. విశాలమైన, జనం పలచగా ఉన్న రాష్ట్రం. సైకియాట్రిస్టులు ఎక్కువమంది అల్బుకర్కీ, శాంటా ఫే చుట్టుపక్కలే ఉండేవారు. తక్కిన ఊళ్లవాళ్లు నెలల తరబడి ఎదురుచూడాలి. 2002 మార్చిలో గవర్నర్ గ్యారీ జాన్సన్ బిల్లుపై సంతకం చేశారు. డాక్టరేట్ తరవాత 450 గంటల తరగతులు, వైద్యుని పర్యవేక్షణలో కనీసం 100 మంది రోగులతో 400 గంటల సాధన, జాతీయ పరీక్ష, ఆపైన రెండేళ్లు షరతులతో కూడిన ధ్రువపత్రం. పూర్తి అధికారం వచ్చాక కూడా రోగిని చూసే ఫ్యామిలీ డాక్టరుతో సంప్రదిస్తూనే ఉండాలి. నిబంధనల మీద బోర్డుల మధ్య చర్చలు సాగి, తొలి ధ్రువపత్రాలు వెలువడేసరికి 2005 వచ్చింది.

లూసియానాలో 2004లో గవర్నర్ కాథ్లీన్ బ్లాంకో సంతకం చేశారు. అక్కడ వీరిని మెడికల్ సైకాలజిస్టులంటారు. లూసియానా కథలోని అసలు వింత 2009లో జరిగింది. మెడికల్ సైకాలజిస్టులు తమ సొంత సైకాలజీ బోర్డును వదిలి, డాక్టర్లకు లైసెన్సులిచ్చే వైద్యబోర్డు కిందికి వెళ్లేలా చట్టం మారింది. తమ మీద డాక్టర్ల పెత్తనం వద్దంటూ పాతికేళ్లు పోరాడిన వృత్తిలో ఒక భాగం, అధికారం నిలుపుకోవడానికి ఆ ఇంటికే చేరింది. మిగతా రాష్ట్రాల సైకాలజిస్టులు దీన్ని ఆశ్చర్యంతో, కొందరు కోపంతో చూశారు.

2004 తరవాత పదేళ్లు మరే రాష్ట్రమూ కదల్లేదు. ఒరెగాన్‌లో బిల్లు చట్టసభ గడప దాటినా 2010లో గవర్నర్ టెడ్ కులొంగోస్కీ, 2017లో గవర్నర్ కేట్ బ్రౌన్ వీటో చేశారు. ప్రతిష్టంభన తొలగించిన ఇల్లినాయ్ చట్టం (2014) రాజీకి నమూనా. 17 ఏళ్ల లోపు పిల్లలకు, 65 దాటినవారికి, గర్భిణులకు, తీవ్రమైన శారీరక జబ్బులున్నవారికి సైకాలజిస్టు మందు రాయకూడదు. శిక్షణ కూడా మునుపటి రాష్ట్రాలకన్నా చాలా బరువు. డాక్టర్ల సంఘాలు అడ్డు తప్పుకోవడానికి చెల్లించిన మూల్యం ఇది. ఈ షరతుల వల్ల, మందు అవసరం ఎక్కువగా ఉండే వృద్ధులూ పిల్లలూ ఆ చట్టం బయటే మిగిలిపోయారు. ఆ తరవాత ఐయోవా (2016), ఐడహో (2017), కొలరాడో (2023), యూటా (2024) చేరాయి. కెనడాలో సైకాలజిస్టుల సంఘం ఈ విషయం పరిశీలించి, ప్రస్తుతానికి ఆ దారి పట్టకపోవడమే మేలనుకుంది.

అనుభవం చెప్పేది

చట్టం వచ్చిన రాష్ట్రాల్లో, ప్రత్యర్థులు భయపెట్టినట్టు రోగులు కుప్పకూలిన దాఖలాలు లేవు. న్యూ మెక్సికో, లూసియానాల బీమా రికార్డులను పరిశీలించిన ఇటీవలి అధ్యయనం ఒకటి, ఈ సైకాలజిస్టుల రోగుల్లో మందుల దుష్ఫలితాలు సైకియాట్రిస్టుల రోగులకన్నా ఎక్కువేమీ లేవని తేల్చింది. అయితే ఎవరి దగ్గరికి ఎంత ముదిరిన కేసులు వెళతాయన్న తేడాను బీమా కాగితాలు పూర్తిగా పట్టుకోలేవు. కొరత తీరుతుందన్న వాగ్దానం మాత్రం సగమే నిలబడింది. సైకాలజిస్టులు కూడా సైకియాట్రిస్టుల్లాగే నగరాల్లోనే కాపురముంటారు. సంతకం హక్కు ఇచ్చినంత మాత్రాన మనిషి పల్లెకు వెళ్లిపోడు.

భారతదేశంలో

క్లినికల్ సైకాలజీ శిక్షణ మన దేశంలో 1955లో బెంగళూరులో, ఇవాళ్టి నిమ్హాన్స్‌కు పూర్వరూపమైన సంస్థలో మొదలైంది. ఇప్పుడు క్లినికల్ సైకాలజిస్టుల నమోదు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పరిధిలో ఉంది. లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేని దేశంలో ఈ డిమాండ్ బలంగా రావాల్సింది. రాలేదు. సైకాలజిస్టులే ఇంకా తక్కువ కావడం ఒక కారణం. డాక్టర్లు కానివారు మందులు రాయడం మీద మన దగ్గర పెద్ద రగడ జరిగింది వేరే సందర్భంలో: 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 32వ సెక్షన్, ప్రాథమిక వైద్యంలో కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్లకు పరిమిత లైసెన్సు ఇవ్వవచ్చనడంతో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వీధికెక్కింది.

సైకాలజిస్టుల విషయంలో మన చట్టం స్పష్టంగానే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 106వ సెక్షన్ ప్రకారం, ఏ మానసిక ఆరోగ్య నిపుణుడూ తన వృత్తిక్షేత్రం అనుమతించని మందును గానీ చికిత్సను గానీ సూచించకూడదు. ఉల్లంఘిస్తే మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఎర్రగడ్డ ఆసుపత్రిలోనైనా, విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాలలోనైనా, ప్రైవేటు క్లినిక్‌లోనైనా క్లినికల్ సైకాలజిస్టు చికిత్స మాటలతో, పరీక్షలతో సాగుతుంది. మందుల చీటీ మీద సంతకం డాక్టరుదే అయి ఉండాలి, అది చూసుకోవలసింది రోగీ, రోగి వెంట వెళ్లినవారూ.