అలములపై అక్షరములు

మొహర్రం పదవ దినమున దబీర్‌పురాలోని బీబీ కా అలావానుండి ఏనుగుపై వెడలు అలము (లోహధ్వజము) చార్మినారు మీదుగా చాదర్‌ఘాట్ వఱకు సాగును. గోలకొండ సుల్తాను మహమ్మదు కుతుబ్‌షా పత్నియైన హయాత్ బక్షీ బేగము దీనిని ప్రతిష్ఠించెననియు, ప్రవక్త కుమార్తె ఫాతిమాకు అంత్యస్నానము చేయించిన బల్లలోని తునక యిందు పొదుగబడి యున్నదనియు భక్తుల విశ్వాసము.

జనుల దృష్టి ఏనుగుమీదను అలమునకు కట్టు దట్టీవస్త్రములమీదను నిలుచుట సహజమే గాని, దక్కను అలముల శిల్పమునందు విచారింపదగిన విశేషము లేఖనము. ప్రాణిరూపములకు సంకోచించిన ఇస్లాము సంప్రదాయము అక్షరమునకే ఆకృతిగౌరవము నొసగెనని సాధారణముగ చెప్పుదురు. దక్కను పనివారియెడ ఆ మాట పూర్తిగా పొసగదు: ఇచ్చటి అలముల యంచులందు వ్యాళముఖములు గలవు; ప్రవక్త అల్లుడగు అలీకి దైవసింహమను బిరుదుండుటచే, ఆయనను స్మరించు 'నాదే అలీ' ప్రార్థనను పదునేడవ శతాబ్దిలో సింహాకారముగ లిఖించిరి.

లోహపురేకును కోసి అల్లాహ్, మహమ్మద్, అలీ నామములను తీర్చు పనివానికొక చిక్కు గలదు. ఊరేగు ధ్వజమును ముందు నడచువారును వెనుక వచ్చువారును చూతురు. వెనుకనుండి చూచినచో కోసిన అక్షరములు కుడియెడమలు తాఱుమాఱై కన్పట్టును. ఒకే మాటను బింబప్రతిబింబములవలె ఎదురెదురుగా వ్రాయు 'ముసన్నా' పద్ధతిలో ఇరుప్రక్కల రూపము సమానమగును. పద్ధతి యిందుకే పుట్టెనని నేననను, తుర్కీ, పారశీక దేశములందు కాగితముపైనను అది కలదు. కాని దానికి ఇంత చక్కని ప్రయోజనము వేఱొకచోట అరుదు. అరబ్బీ సులుస్ లిపిలోని అలిఫు, లాము అక్షరములు నిలువుగ నెగయుటచే ఆ యల్లికకు బల్లెముల బారు పోలిక వచ్చును. హుసేను అమరుడైన కర్బలా యుద్ధమును స్మరించు ధ్వజమునకు అంతకంటె తగిన లిపి యేది?

గోలకొండ సుల్తాను మహమ్మదు కులీ, అలములను నిలుపుటకై కట్టించిన బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడలపై, 1611 నాటి రంగుపెంకులలో, ఈ అలములే చిత్రములై నిలిచినవి. 1908 మూసీ వఱదలో చెడిన క్రిందిభాగమును పిమ్మట రంగులు పూసి పూరించిరి. ఆ పూరణము వర్ణమును పట్టినంతగా రేఖను పట్టలేదు.

తెలంగాణ పల్లెలలో పీర్లనబడు ఈ అలముల నెత్తువారిలో హిందువులు పెక్కురు. ప్రవక్త, ఫాతిమా, అలీ, హసను, హుసేనులకు గుర్తయిన అయిదువ్రేళ్ల పంజాకు వారు మ్రొక్కుదురు. అరబ్బీ అక్షరమొకటియు నెఱుగని రైతు సైతము తన యూరి పీరులలో ఏది యెవరిదో రూపమునుబట్టియే చెప్పగలడు.