గాలి లేని గదిలో గాలిచాటు: సైకిల్ డ్రాఫ్టింగ్ చరిత్ర

ఎదురుగాలిలో సైకిల్ తొక్కిన వారికి ఈ పాఠంలోని మొదటి విషయం కొత్తది కాదు. ముందు వెళ్తున్న బండి వెనుకకు చేరగానే పెడల్ తేలికవుతుంది. (ప్రమాదకరమైన పని కాబట్టి దీనిని ప్రయోగంగా చేసి చూడవద్దు.) ముందున్నవాడు గాలిని చీల్చుకుంటూ పోతుంటే వెనుకవాడు ఆ చాటున తక్కువ శ్రమతో సాగిపోతాడు. సైకిల్ పందేల భాషలో దీనినే డ్రాఫ్టింగ్ అంటారు. ఇప్పుడు ఒక గదిని ఊహించుకోండి. వెనుక చక్రం తీసి ఒక యంత్రానికి బిగించిన సైకిల్, ఎదురుగా తెర. సైకిల్ అంగుళం కూడా కదలదు, కోసుకుపోవడానికి గాలి లేదు. అయినా తెర మీది బొమ్మ మరో బొమ్మ వెనుకకు చేరగానే దాని వేగం పెరుగుతుంది. లేని గాలికి చాటు ఎక్కడి నుంచి వచ్చింది? జవాబు కోసం రెండు వేర్వేరు చరిత్రలను చూడాలి. ఒకటి రోడ్డుది, రెండోది ప్రయోగశాలది.

రోడ్డు చరిత్రకు కొలమానం వేగం. 1890లలో ఐరోపా, అమెరికా పందేలలో ముఖ్యమైన ఆటగాడి ముందు ముగ్గురు, నలుగురు కలిసి తొక్కే పొడవాటి సైకిళ్లను నడిపించేవారు. వారి పని గాలిని అడ్డుకోవడమే. తరువాత ఆ స్థానాన్ని మోటారు సైకిళ్లు ఆక్రమించాయి. వేగంతో పాటు మరణాలూ పెరిగాయి. ఈ ధోరణి పతాక స్థాయికి చేరినది 1899 జూన్ 30న. న్యూయార్క్ సమీపంలోని లాంగ్ ఐలాండ్‌లో రైలు పట్టాల మధ్య చెక్క పలకలు పరిచి, గాలి తగలకుండా కప్పు కట్టిన రైలు పెట్టె వెనుక చార్లెస్ మర్ఫీ సైకిల్ తొక్కాడు. ఒక మైలును 57.8 సెకన్లలో పూర్తి చేశాడు. అతని కాళ్ల బలాన్ని తక్కువ చేయనక్కరలేదు కానీ, ఆ రికార్డులో సగం ఘనత రైలు పెట్టెకే చెందుతుందని ఈ రచయిత అభిప్రాయం.

అందరూ ఈ చాటును మెచ్చలేదు. 1893లో పారిస్‌లో ఎవరి తోడూ లేకుండా గంటలో 35.325 కిలోమీటర్లు తొక్కి రికార్డు నెలకొల్పిన ఆన్రీ దెగ్రాంజ్, 1903లో టూర్ ద ఫ్రాన్స్ పందేన్ని ప్రారంభించాడు. గుంపులో దాగి కాలక్షేపం చేసి చివరి నిమిషంలో దూకేవారంటే ఆయనకు గిట్టదు. 1927, 1928 సంవత్సరాలలో చాలా సమతల దశలలో జట్లను ఒకదాని తరువాత ఒకటిగా విడివిడిగా బయలుదేరదీసి, గుంపును విడగొట్టడానికి ప్రయత్నించాడు. ప్రేక్షకులకు ఎవరు ముందున్నారో అర్థం కాలేదు. ఆ పద్ధతి నిలవలేదు.

ఈ చాటు ఎంత మేలు చేస్తుందో లెక్క తేలడానికి మరికొంత కాలం పట్టింది. 1979లో అమెరికా పరిశోధకుడు చెస్టర్ కైల్, ముందువాని చక్రానికి దగ్గరగా వెళ్లేవారికి గాలి నిరోధం మూడో వంతుకు పైగా తగ్గుతుందని చూపాడు. 2018లో బెర్ట్ బ్లాకెన్ బృందం 121 మంది గుంపును పరీక్షించింది. గుంపు నడిమధ్యన ఉన్నవారికి, ఒంటరిగా తొక్కేవారితో పోలిస్తే గాలి నిరోధం 5 నుంచి 10 శాతం మాత్రమే ఉంటుందని తేల్చింది.

ఇక రెండో చరిత్ర. దీనికి కొలమానం వేగం కాదు, పని. కండరాలు ఎంత పని చేస్తే శరీరం ఎంత ఆక్సిజన్ వాడుకుంటుందో తెలుసుకోవాలంటే, పనిని కచ్చితంగా నిర్ణయించగల సైకిల్ కావాలి. డెన్మార్క్ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్ 1913లో విద్యుదయస్కాంత బ్రేకు గల సైకిల్ ఎర్గోమీటర్‌ను వర్ణించాడు. ఎర్గోన్ అంటే గ్రీకు భాషలో పని. ఈ సైకిల్ ఎక్కడికీ వెళ్లదు. కాబట్టి దీనికి గాలీ లేదు, గాలిచాటూ లేదు. 1986లో జర్మనీ ఇంజనీరు ఉల్రిక్ షోబెరర్ తయారు చేసిన పవర్ మీటర్‌తో ఈ ప్రయోగశాల కొలమానం, అంటే వాట్లు, రోడ్డు సైకిల్ మీదికి వచ్చింది. శిక్షకులు 'ఎంత వేగం?' అని అడగడం తగ్గించి 'ఎన్ని వాట్లు?' అని అడగసాగారు.

2014లో కాలిఫోర్నియా కేంద్రంగా మొదలైన జ్విఫ్ట్ వంటి వేదికలలో ఈ రెండు చరిత్రలూ ఒకే గదిలో కలిశాయి. కంప్యూటర్‌కు మీ నుంచి అందేది ప్రధానంగా వాట్లే. మీ బరువు, దారి వాలు, గాలి నిరోధం లెక్కగట్టి అది వేగాన్ని నిర్ణయిస్తుంది. మీ ముందు దగ్గరలో మరొకరి బొమ్మ ఉంటే లెక్కలోని గాలి నిరోధాన్ని తగ్గిస్తుంది. రోడ్డు మీద డ్రాఫ్టింగ్ ప్రకృతి ఇచ్చినది. ఇక్కడ అది ఎవరో కావాలని రాసిన సూత్రం. రాయకపోతే గుంపులో తొక్కడానికి అర్థమే ఉండదు.

చిక్కు వచ్చేది ముందుగా ప్రణాళిక వేసిన వ్యాయామంలో. ఉదాహరణకు 10 నిమిషాలు 200 వాట్లు, 3 నిమిషాలు 120, మళ్లీ 200. ఎర్గ్ మోడ్‌లో ఈ లక్ష్యాన్ని యంత్రమే అమలు చేస్తుంది. కాళ్లు నెమ్మదిస్తే బ్రేకును బిగిస్తుంది, వేగంగా తిప్పితే వదులు చేస్తుంది. తెర మీద కొండ వచ్చినా, గుంపు వచ్చినా ఆ 200 మారదు. ఇది పేరులోనే కాదు, పనిలో కూడా క్రోగ్ యంత్రానికి వారసురాలు.

ఒక లెక్క చూద్దాం. సమతల దారిలో ఒక వ్యక్తి ఒంటరిగా 200 వాట్లతో గంటకు 34 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నాడనీ, అతని శ్రమలో 85 శాతం గాలికే పోతోందనీ అనుకుందాం. చాటున గాలి నిరోధం నాలుగో వంతు తగ్గింది. రోడ్డు మీద అతనికి రెండు దారులున్నాయి. అదే వేగంతో వెళ్తూ దాదాపు 160 వాట్లకు తగ్గి 40 వాట్ల మేర విశ్రాంతి పొందవచ్చు. లేదా 200 వాట్లే తొక్కుతూ గంటకు 37 కిలోమీటర్లకు చేరువ కావచ్చు. వేగం పదో వంతు కూడా పెరగకపోవడానికి కారణం, గాలిని అధిగమించే శక్తి వేగపు ఘనం చొప్పున పెరగడమే. ఎర్గ్ మోడ్‌లో మొదటి దారి మూసుకుపోతుంది. చాటు వల్ల వచ్చిన లాభమంతా వేగానికే పోతుంది, కాళ్లకు ఏమీ మిగలదు. మెర్‌క్స్ కాలంనాటి పందెగాడు చూస్తే ఇదేం చాటు అని నవ్వేవాడేమో!

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పై వ్యక్తి గంటసేపు 200 వాట్లు తొక్కితే చేసిన పని 720 కిలోజౌళ్లు. గుంపులో తొక్కితే ఈ సంఖ్య మారుతుందా? వ్యాయామ భాగాలను నిమిషాలలో కాక కిలోమీటర్లలో నిర్ణయించి ఉంటే ఏమవుతుంది?

రెండో ప్రశ్నకు సమాధానం జాగ్రత్తగా ఆలోచించండి. భాగాలు కాలంలో ఉంటే గాలిచాటు వ్యాయామాన్ని తగ్గించదు. దూరంలో ఉంటే గుంపు ముందే ముగించేస్తుంది, పని తగ్గుతుంది. అందుకే ఇలాంటి వ్యాయామాలను ఎక్కువగా నిమిషాలలో రాస్తారు. నిన్న 34, ఈరోజు 37 కిలోమీటర్లు తొక్కాను, బలం పెరిగిందని సంతోషించేవారు మర్ఫీ రైలు పెట్టెను మరచిపోయినట్టే. సామూహిక వ్యాయామాలలో వేదిక అందరి బొమ్మలనూ ఒకేచోట కట్టిపడేస్తుంది. 150 వాట్ల వారూ 300 వాట్ల వారూ పక్కపక్కనే కనిపిస్తారు. అక్కడ వేగానికి అసలు అర్థం లేదు.

పందెంలో పరిస్థితి వేరు. 2020 డిసెంబర్ 9న అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య జ్విఫ్ట్‌లో మొదటి ఈ-స్పోర్ట్స్ ప్రపంచ పోటీలు నిర్వహించింది. జర్మనీకి చెందిన జేసన్ ఆస్బోర్న్, దక్షిణాఫ్రికాకు చెందిన ఆష్లీ మూల్మన్-పాసియో గెలిచారు. పందెంలో వాట్లను ఎంచుకునేది ఆటగాడే కాబట్టి మూసుకుపోయిన మొదటి దారి మళ్లీ తెరుచుకుంటుంది. గుంపులో విశ్రాంతి తీసుకుని చివర్లో దూకవచ్చు. అది వద్దనుకునేవారికి అదే వేదికలో టైమ్ ట్రయల్ సైకిల్ ఉంది. దానిని ఎంచుకున్నవారి వెనుక ఇతరులకు చాటు దొరుకుతుంది కానీ వారికి మాత్రం ఎవరి చాటూ అందదు. దెగ్రాంజ్ రెండేళ్లు ప్రయత్నించి వదిలేసిన నియమం ఇక్కడ సైకిల్ ఎంపికతోనే అమలవుతోంది.